తోలు మనిషిని పంపమంటే

నేను పరికిణీ కట్టుకొని ఆదోని వీధుల్లో తిరిగే కాలంలో తోలుకు గడప దాటి లోపలికి వచ్చే యోగ్యత లేదు. చెప్పులు అరుగు కిందే ఆగిపోవాలి. ఎద్దుల మెడపట్టెడలు కొట్టంలో కొయ్యకు వేలాడాలి. తోలు తొడుక్కొని నడవచ్చు, తోలుతో బావిలోంచి నీళ్ళు తోడవచ్చు, తోలు మీద దరువేసి పండగ చేసుకోవచ్చు. అంతేగానీ తోలు మీద దర్జాగా కూర్చోవడం అనేది ఒకటి లోకంలో ఉందని మాకు తెలియదు. ఇప్పుడు ఇళ్ళలో సోఫాలకు కూడా తోలు వేయించుకుంటున్నారు. చిన్న గీత పడితే పారేసి కొత్తది తెస్తున్నారు. (పారేయడం అనే మాట నా ఎదురుగా అన్నవాళ్ళకు ఆ పూట నేను పెరుగు వేయను, మజ్జిగే. మా ఇంట్లో అందరికీ తెలుసు.) నేను బడికి పోయింది కొన్నాళ్ళే. అక్కడ నేర్చుకున్న ఎక్కాలు ఎప్పుడో మరిచిపోయాను గానీ ఒక పాత కారు సీటు ముందు గొంతుక్కూర్చొని నేర్చుకున్నది మాత్రం ఈ చేతులు మరవలేదు.

మా చిన్నాయన, అంటే మా నాయనకు తమ్ముడు, ఒక పత్తిమిల్లు సావుకారు దగ్గర కారు నడిపేవాడు. సావుకారు కొత్త కారు తెచ్చుకున్నాక పాతది మిల్లు ఆవరణలో పత్తి మూటల పక్కన పడి ఉండేది. ఎండకు ఎండింది, వానకు నానింది, కోళ్ళకు ఇల్లయింది. చివరికి సావుకారు ఒకరోజు, "ఆ కొంపను నువ్వే తీసుకపోప్పా, మిల్లులో జాగా అన్నా మిగుల్తాది" అని చిన్నాయనకు ఇచ్చేశాడు. ఆయన ఒకరోజు దాన్ని దగ్గించుకుంటూ తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. నల్లగా, చూలు బర్రెలాగా, వీధిలో సగం ఆక్రమించి నిలబడి ఉంది. దాని కళ్ళలాంటి దీపాలలో నా ముఖం గుమ్మడికాయంత కనిపించింది. నేను చేతులు జోడించాను కూడా. ఎవరూ చూడలేదనుకోండి. అప్పుడే మా జేజి, అంటే మా నాయనకూ చిన్నాయనకూ తల్లి, కొంగు బిగించుకొని బయటికి వచ్చింది. కారును ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది, తలుపు తీయించి లోపలికి తొంగి చూసింది. తర్వాత అడిగిన మొదటి మాట, "కోడి ఎవరిది?"

వెనక సీటు చిరుగులో ఒక పెట్ట పొదుగుతూ కూర్చొని ఉంది. కారుతో పాటే వచ్చేసింది. ఆ కారంతటిలోనూ జేజికి నచ్చింది ఆ పెట్ట ఒక్కటే. దాన్ని మెల్లగా ఎత్తి గంప కింద పెట్టాక సీటు అసలు రూపం బయటపడింది. ఎండాకాలంలో నల్లరేగడి చేను పగిలినట్టు తోలంతా నెర్రెలిచ్చింది. మధ్యలో జానెడు చిరుగు. అందులోంచి ఒక స్ప్రింగు ఎవరో పిలిచినట్టు తల పైకెత్తి చూస్తోంది. దాని చుట్టూ నల్లటి వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా. జేజి ఒక కుచ్చు పట్టి లాగి కెవ్వుమంది.

"ఒరే, ఇది ఎవరి జుట్టురా?"

"గుర్రపు తోకమ్మా. దొరల కాలం కారు గదా, సీట్లలో అదే కూరుతాండ్రి" అన్నాడు చిన్నాయన.

"మరి పైన తోలు?"

"ఏ ఎద్దుదో."

"శివ శివా! గుర్రం మీద ఎద్దు, ఎద్దు మీద మనిషా! దాన్ని పెరికి కొట్టంలో పెట్టు. ఆ రెండూ ఉండాల్సింది ఆడే."

అట్లా ఆ సీటు మా ఎద్దుల పక్కన కొట్టంలోకి చేరింది. చిన్నాయన తొందర చిన్నాయనది. ఎమ్మిగనూరులో ఆయనకు ఒక పిల్లను మాట్లాడి ఉన్నారు, ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు. ఈయన నోరు ఊరుకోక, శ్రావణంలో మీ ఇంటిల్లిపాదినీ నా కారులో ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పిలుచుకుపోతానని వాళ్ళకు మాట ఇచ్చి వచ్చాడు. స్ప్రింగు మీద కాబోయే అత్తామామలను కూర్చోబెడితే ఇంక పెళ్ళి అయినట్టే. నేను పొద్దస్తమానం ఆ సీటు చుట్టూ తిరుగుతుండటం చూసి ఆయన ఒకరోజు నా జడ లాగి, "సీటు బాగయినాక దాని మింద అందరికంటే ముందు కూర్చునేది నువ్వే మే. పెండ్లికూతురు కూడా నీ తర్వాతే" అన్నాడు. ఆయన సరదాకు అన్నాడో ఏమో. నాకు మాత్రం అది శిలాశాసనం. అంతకు ముందు మా ఇంట్లో ఏదీ మొదట నాకు రాలేదు. లంగా మా అక్కది, పలక మా అన్నది, చివరికి నా పేరు కూడా చనిపోయిన మా మేనత్తది. ఒక వస్తువును లోకంలో అందరికంటే ముందు నేను వాడటమన్న ఆలోచనకే నాకు కడుపులో చల్లగా అయ్యేది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదంటే అబద్ధం గానీ, తింటున్నంతసేపూ ఆ సీటే కళ్ళలో ఉండేది.

ఎమ్మిగనూరులో బస్సుల సీట్లు కుట్టే పనివాడు ఒకడు ఉన్నాడని చిన్నాయనకు ఎవరో చెప్పారు. ఆయన బస్సు కండక్టరుతో ఒక కబురు పంపాడు: "కారుకు తోలు మనిషి కావల్ల, పంపించు." కండక్టరు ఆ మాట టీ అంగడిలో చెప్పాడు. అంగడాయన సంతకు వచ్చిన రైతుకు చెప్పాడు. రైతు ఎవరికి చెప్పాడో ఈరన్న స్వామికే తెలియాలి. మొత్తానికి ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. తాటిచెట్టంత పొడుగు, తలకు ఎర్ర రుమాలు, భుజాన కంబళి, చేతిలో ముల్లుగర్ర.

"కారు తోలే పనికి పిలిచినారంట. ఇదేనా అవ్వా ఇల్లు?"

(జేజి చెవికి అది 'కారు తోలు పనికి' అనే వినిపించింది. నిజం చెప్పాలంటే నాకూ అంతే.)

జేజి ఎవరినీ పరీక్ష పెట్టకుండా పనికి పెట్టుకునేది కాదు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి మొదలుపెట్టింది.

"ఈ పని ఎన్నాళ్ళ నుంచి చేస్తాండావప్పా?"

"బుద్ధెరిగినప్పట్నుంచి తోల్తానే ఉండా. మా నాయనా ఇదే, మా తాతా ఇదే."

"ఏమేం తోళ్ళు వచ్చు నీకు?"

"ఎద్దులంటే ఎద్దులు, బర్రెలంటే బర్రెలు. ఏది తోలమంటే అది తోల్తా."

"ఎద్దుతోలు మెత్తగా ఉంటాదా, బర్రెతోలా?"

"ఎద్దే మెత్తనవ్వా. సెప్పినట్టు వింటాది. బర్రె మొండిది. నీళ్ళు కనపడితే సాలు, ఇంక పనికిరాదు."

"అవునవును, తడిస్తే సెడిపోతాది" అని జేజి తల ఊపింది. మనిషికి పని తెలుసునన్న నమ్మకం ఆమె ముఖంలో కనిపించింది. "మరి గొర్రెతోలు?"

"గొర్రెలా! ఒకసారి ఆస్పరి నుంచి గూడూరు దాకా మంద మందంతా నేనొక్కణ్ణే తోలేసినా."

జేజి చెయ్యి గుండె మీదికి పోయింది. "మందంతానా! ఒక్కనివే! పాపం తగల్దాప్పా?"

"పాపమేముందవ్వా, వాటికీ షికారే గదా!"

జేజి చటుక్కున లేచింది. లోపలికి వచ్చి మా అమ్మతో, "మనిషి పనిమంతుడే గానీ రాతి గుండె. రెండు రొట్టెలు ఎక్కువ పెట్టు, కోపం వస్తే కష్టం" అని గుసగుసగా చెప్పింది. ఆయన జొన్నరొట్టెలు, శెనక్కాయల చట్నీ తృప్తిగా తిని, మూతి తుడుచుకొని, "యాడుందవ్వా కారు?" అన్నాడు. కారును చిన్నాయన బయటికి తీసుకుపోయి ఉన్నాడు. జేజి ఆయన్ను కొట్టంలోకి తీసుకుపోయి సీటు చూపించింది. "ఇదే. దీన్నే."

ఆయన దాని చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు. మా ఎద్దులను చూశాడు, మళ్ళీ సీటును చూశాడు.

"చక్రాలు యాడ?"

"చక్రాలు నీకెందుకప్పా?"

"చక్రాల్లేకుండా దీన్ని ఎట్ల తోలేది? ఎద్దుల్ని ముందర కట్టి ఈడ్చాల్నా?"

సరిగ్గా అప్పుడే చిన్నాయన వచ్చాడు. ఆయనకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం గడ్డివామి మీద పడి దొర్లాడు. తోలు మనిషిని పంపమంటే తోలే మనిషిని పంపారు! జేజి మాత్రం నవ్వలేదు. గట్టిగా అడిగింది: "మరి ఆ గొర్రెలు?"

"బతికే ఉండాయవ్వా! దేవుని సాచ్చిగా!"

ఆయన బావి దగ్గర కపిల తోలేవాడట. కపిల అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. బావిలోకి పెద్ద బాన దింపి ఎద్దులతో మోకు లాగించి నీళ్ళు పైకి తెస్తారు. బాన అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం ఉంటుంది, నీళ్ళు దాంట్లోంచి కాలువలో పడతాయి. ఆ ఎద్దులను ముందుకూ వెనక్కూ నడిపిస్తూ పొద్దంతా పాట పాడేవాడే కపిల తోలే మనిషి. "కారు నడిపేది వచ్చునా?" అని చిన్నాయన అడిగితే, "కపిల తోలినోనికి కారొక లెక్కన్నా? పగ్గాలు యాడుంటాయో సూపిచ్చు సాలు" అన్నాడు. చిన్నాయన మళ్ళీ గడ్డివామి మీద పడ్డాడు. కపిల మనిషికి రోషం వచ్చింది. ముల్లుగర్ర అందుకొని బయలుదేరబోతూ, ఎందుకో సీటు మీద అరచెయ్యి వేశాడు. వేసి, తీయలేదు. రోగిష్టివాళ్ళ నుదురు చూసినట్టు మెల్లగా తడిమాడు.

"ఇది సచ్చిపోయిన తోలు కాదన్నా. దప్పిగొన్న తోలు" అన్నాడు. "నా కపిల తొండం ఒక ఎండాకాలం ఇట్లే అయింటే బాగు చేసుకున్యా. నీళ్ళు మోసే తోలునే నిలబెట్టినోణ్ణి, మనుషుల్ని మోసేది నాకెంత?"

ఈయన వెళ్ళిపోతే సీటు లేదు, సీటు లేకపోతే నా మొదటి కూర్చోవడమూ లేదు. నేను పరుగెత్తి ఆయన ముల్లుగర్ర పట్టుకొని, "పోవద్దు తోలన్నా" అన్నాను. ఆ పేరు ఆయనకు అంతటితో స్థిరపడిపోయింది.

తోలన్న గొప్పలు చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోడు. పని చేస్తున్నంతసేపూ ఆయన నోరు కపిల తోలుతూనే ఉండేది. ముందు కుంకుడుకాయల నురుగు తీయించాడు. నీళ్ళు కాదు, ఒట్టి నురుగే. పాత పంచె ముక్కను దాంట్లో ముంచి, గట్టిగా పిండి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచాడు. సావుకారు మిల్లులోని దుమ్మంతా ఆ గుడ్డకు వచ్చింది. జేజి వెంటనే, "ఎండలో పెట్టండి, తొందరగా ఆరుతాది" అంది. "ఎండలో పెడితే అప్పడం అయితాదవ్వా, మజ్జిగలో నంజుకోవాల్సిందే" అని తోలన్న దాన్ని నీడలోనే ఉంచాడు. మిద్దె మీద వడియాలు పెట్టడంలో ఎదురులేని మా జేజికి ఎండ వద్దన్న మనిషి ఆయన ఒక్కడే. గుర్రపు వెంట్రుకలను బయటికి తీసి, ఉతికి, పత్తి విప్పినట్టు వేళ్ళతో విప్పి కుప్పగా పోశాడు. (గుర్రం లేని గుర్రపు తోక అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. మా ఎద్దులు దాన్ని చూసి ఆ రోజు మేత ముట్టలేదు.) స్ప్రింగుల మెడలు వంచి పురికొసతో ఒకదానికొకటి కట్టాడు. చిరుగు కింద తన పాత తొండంలోంచి కోసుకొచ్చిన పల్చటి తోలుముక్కను దూర్చి, మైనం రాసిన దారంతో కుట్టాడు. చిరుగును పైనుంచి కప్పలేదు, లోపలి నుంచి పట్టుకున్నాడు. ఆ కుట్టు చీమల బారులాగా వంకర లేకుండా సాగిపోతుంటే నేను ఊపిరి బిగబట్టి చూశాను.

తర్వాత ఆయన ఆముదం అడిగాడు. ఇల్లు దద్దరిల్లింది.

"మనుషుల నెత్తికే లేదు, ముడ్డి కిందిదానికి ఆముదమా!" అంది జేజి. మా ఇంట్లో ఆముదం జేజి తాళం కింద ఉండేది. పండక్కి తలంటు, బాలింతకు, దీపానికి, అంతే. నేను ఏడ్చాను. చిన్నాయన బతిమాలాడు. చివరికి ఒక గుడ్డ తడిసేంత ఇచ్చి, అది దుబారా కాకుండా చూడటానికి తనే వచ్చి పక్కన కూర్చుంది. తోలన్న ఆముదాన్ని అరచేతుల మధ్య వేడి చేసుకొని, ఆ నెర్రెల మీద పల్చగా రాశాడు.

అప్పుడు చూశాను. ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను గానీ అది మళ్ళీ చూడలేదు. ఆముదం రాసిన చోట మెరిసింది, చూస్తుండగానే ఆ మెరుపు లోపలికి పోయింది. తాగేసింది! మళ్ళీ రాశాడు, మళ్ళీ తాగింది. తొలకరి చినుకు పడినప్పుడు చేను నీళ్ళను మింగి, చప్పుడు చేయకుండా నల్లబడుతుందే, అట్లా. బూడిదరంగులో ఉన్న తోలులోంచి మెల్లగా ఈతపండు రంగు పైకి వచ్చింది. ఆ రంగు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుంది? నేను జేజి వైపు చూశాను. జేజి నోరు కొంచెం తెరుచుకొని ఉంది. లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఆముదం కుండ మొత్తం ఉంది.

"తాగనీయప్పా" అంది. "దప్పిగొన్నదానికి లేదనగూడదు."

ఆ తర్వాత రుద్దడం నా పని. తోలన్న కపిల పాట ఎత్తుకుంటే ఆ వరస ప్రకారం చెయ్యి ముందుకు పోవాలి, వెనక్కి రావాలి. ఎద్దులు వెనక్కి నడిచే చోట పాట సాగుతుంది కాబట్టి చెయ్యి కూడా నిదానంగా రావాలి. నేను బడి ఎగ్గొట్టి, గోళీలాట మానేసి రుద్దాను. చేతులు గానుగెద్దు మెడలాగా కాయకట్టాయి. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. కొట్టం కప్పు కారడం మొదలైంది. నేను అరుస్తూ పరుగెత్తేసరికి అక్కడ మా జేజి, చెప్పును అరుగు ఎక్కనీయని మా జేజి, ఆ సీటును ఒక్కతే ఈడ్చుకుంటూ, గడప మీదుగా ఎత్తి, నడవలో జొన్నల గుమ్మి పక్కన పెట్టి దాని మీద తన కొంగు కప్పుతోంది. నన్ను చూసి, "ఏందే అట్ల సూస్తావు? ఇది ఇప్పుడు తోలు కాదు. ఆముదం" అంది. మా ఇంటి శాస్త్రం ఎప్పుడూ జేజి చెప్పినట్టే నడుచుకునేది.

సీటు తయారైందా లేదా తేల్చింది కూడా ఆమే. మాది పత్తి ఊరు. గుప్పెడు దూది తెచ్చి సీటు మీద నొక్కి ఎత్తేది. అంటుకుంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు. "అంటింది, రుద్దు" అనేది. మళ్ళీ రుద్దేదాన్ని. ఒక ఉదయం దూది అంటకుండా వచ్చేసింది. ఒక్క పోగు కూడా మిగల్లేదు. జేజి దూదిని జాగ్రత్తగా వత్తుల డబ్బాలో వేసుకొని, "ఊఁ" అంది. మా జేజి నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విని ఉండరు.

శ్రావణంలో ఆ రోజు వచ్చింది. ముందు ఎమ్మిగనూరుకు, అక్కడ పెళ్ళివారిని ఎక్కించుకొని ఉరుకుందకు. జేజి ముందు సీట్లో కంబళి మడిచి వేసుకొని దాని మీద కూర్చుంది. తోలన్న కారు పక్క మెట్టు మీద ముల్లుగర్రతో నిలబడ్డాడు, అవసరమైతే ఉండాలని. చిన్నాయన వెనక తలుపు తీసి, మహారాణికి తీసినట్టు వంగి, "ఎక్కు మే. మాట మాటే" అన్నాడు.

నేను చూశాను. సీటు ఎదురుగా నిండుగా, నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉంది. ఉదయపు ఎండ దాని మీద పడి జారిపోతోంది. నేను రుద్దిన ప్రతి జానా నాకు తెలుసు. దాని మీద నా పరికిణీ వేసి, నా బరువు వేసి... నలిగిపోదూ? ఒకసారి నలిగితే మళ్ళీ ఇట్లా ఉంటుందా? లోపలికి ఎక్కి తలుపు వేసుకొని, సీటు ముందు కింద గొంతుక్కూర్చున్నాను. అట్లాగే ఎమ్మిగనూరు దాకా పోయాను, చెంప మాత్రం సీటు మీద ఆనించి. వెచ్చగా ఉంది. బతికి ఉన్నదానిలాగా ఉంది. చిన్నాయన వెనక్కి తిరిగి చూసి తల బాదుకున్నాడు. "ఓసి పిచ్చిదానా, పైకి కూర్చో!" నేను ఎక్కలేదు. మొదటిసారి కూర్చోవడం ఇంకా నా దగ్గరే భద్రంగా ఉంది, ఖర్చు కాలేదు అనుకున్నాను.

పెళ్ళివారి వీధిలో మగ్గాల చప్పుడు మధ్య కారు ఆగింది. వాకిట్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. పెళ్ళికూతురు తలవంచుకొని నిలబడి ఉంది. ఆమె అవ్వ మాత్రం, నిండు కుండలాంటి మనిషి, ముక్కులో నశ్యం పీలుస్తూ, ఎవరి పిలుపూ లేకుండా నడుచుకుంటూ వచ్చి, తలుపు తీసి, "అబ్బా, ఎండ!" అంటూ సీటు మీద ధబీమని కూలబడింది. సీటు 'హుస్స్' మని నిట్టూర్చింది.

నేను లేచి గుక్కపట్టి ఏడ్చాను. "నా సీటు! నేను కూర్చోవాల! అందరికంటే ముందు నేను!"

మగ్గాలు కూడా ఆగినట్టనిపించింది. చిన్నాయన ముఖం సున్నం కొట్టినట్టయింది. కాబోయే మామగారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. శుభమా అని బయలుదేరుతూ ఏడుపు! జేజి చెయ్యి ముందు సీటు మీదుగా నా జడ కోసం వెనక్కి వస్తోంది. ఆ పెద్దావిడ కాళ్ళ దగ్గరున్న నన్ను అప్పుడే చూసి, నశ్యం చిటికె గాలిలోనే ఆపింది.

"మరి ఈడిదాకా యాడ కూర్చోని వచ్చినావే?"

"కింద."

"యాల?"

"నలుగుతాదని."

ఆమె నన్ను చూసింది. నా చెంప చూసింది. దాని మీద కుట్టు అచ్చు బారుగా పడి ఉంది. చెంపంతా వెచ్చటి తోలుకు ఆని ఎర్రగా కందిపోయి ఉంది. ముందు ఆమె పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత నవ్వు, దాని వెనకే నశ్యం తుమ్ములు. సీటు ఆమెతో పాటు ఎగిరెగిరి పడింది, ఒక్క కుట్టు తెగలేదు. తుమ్ముల మధ్య జేజితో, "ఈ పిల్ల నీ మనవరాలే తల్లీ! ఒట్టేసి చెప్తా! ఇట్లాటి ఇంట్లో మా పిల్ల కడుపు మాడదు, కోక చిరగదు. ఇచ్చేస్తిమి పో!" అంది. కాబోయే మామగారు కూడా నవ్వేశారు. జేజి చెయ్యి నా జడ దాకా వచ్చింది, కానీ లాగలేదు. నెత్తి మీద ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయింది.

పెళ్ళికూతురు వచ్చి నన్ను చంకల కింద చేతులు వేసి పైకి ఎత్తి, తనకూ అవ్వకూ మధ్య కూర్చోబెట్టింది. కూర్చున్నాను. కాళ్ళు కిందికి అందలేదు. ఏమీ నలగలేదు. తోలు నా కింద కొంచెం దిగి, ఇంతేనా నీ బరువు అన్నట్టు ఆగింది. కారు కదిలింది. ఊరి చివర మొదటి మలుపు వచ్చేసరికి నేను ఎన్నాళ్ళో రుద్దిన ఆ నునుపు పని మొదలుపెట్టింది. నేను సర్రున జారి పెళ్ళికూతురు మీద పడ్డాను, ఆమె తలుపు మీద పడింది. రెండో మలుపులో ఇద్దరం కలిసి పెద్దావిడ వైపు పోయాం. వెనక సీటుకు ఎదురుగా వేసిన చెక్క మీద నక్కి కూర్చున్న మామగారు మమ్మల్ని పట్టుకోబోయి తనూ జారారు. తోలన్న మెట్టు మీద నిలబడి, "హో... హో..." అని కపిల ఎద్దులను ఆపినట్టు ఆపుతున్నాడు. జేజి వెనక్కి తిరిగి, "గట్టిగా పట్టుకోండి, సీటు గీరుకుంటాది!" అని అరుస్తోంది. మేము మాత్రం పట్టుకోలేదు. పెళ్ళికూతురూ నేనూ తర్వాతి మలుపు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాం.

అది నా జన్మలో మొదటి కారు ప్రయాణం. దారి పొడుగునా శెనక్కాయ చేలు పచ్చగా ఉండి ఉంటాయి, జనం బండ్లు కట్టుకొని పరసకు, అంటే ఈరన్న జాతరకు, పోతూ ఉండి ఉంటారు, కొండ మీద మబ్బులు దిగి ఉంటాయి. అందరూ అదే చెప్పారు. నేనేమీ చూడలేదు. ఎమ్మిగనూరు దాకా నా ముక్కు ముందు తోలే, ఆ తర్వాత నవ్వుతో కళ్ళు మూసుకుపోయాయి. ఇప్పటికీ ఎవరైనా, ఆ కాలంలో ఆ దారి ఎట్లా ఉండేది అవ్వా అని అడుగుతారు. దారి సంగతి నాకేం తెలుసు నాయనా, తోలు సంగతి అడుగు, చెప్తాను.